మా విచారణకి కె.టి. ఎవరిస్తారు?

మొన్న క్రిస్మస్ సెలవులకి ఊరెళ్తే మా ఫాదర్ గారు పిలిచి, "నువ్వు సాఫ్టువేరు కదయ్యా, వచ్చే ఏడాదికి మన విచారణకి ఒక ప్లాను రాసిపెట్టు" అన్నారు. ఆఫీసులో ఎలాగూ తప్పదు, ఇక్కడా తప్పలేదు అనుకుంటూ సరేనన్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. విచారణ అంటే ఎంక్వైరీ కాదండోయ్! తెలుగు కథోలికులు పారిష్‌ని అలా అంటారు. ఒక పెద్ద గుడి, దాని కింద చుట్టుపక్కల ఊళ్ళు, అన్నిటికీ కలిపి ఒక విచారణ గురువు. ఊళ్ళలో ప్రార్థనలు నడిపేది ఉపదేశి. ఫాదర్ గారు పూజ చెప్పడానికి వంతులవారీగా వస్తుంటారు.

రెండు రాత్రులు కూర్చుని ఎక్సెల్ షీటు తయారు చేశా. తపస్సు కాలం, ఈస్టరు, గుడి పండగ, పిల్లలకి సత్యోపదేశం, యువత కూటాలు.. ఒక్కోదానికి తేదీ, ఖర్చు, బాధ్యులు. రంగులు కూడా వేశాను. మీటింగులో అందరూ బావుందన్నారు. ఆ తర్వాత గంటన్నర సేపు పండగకి లైటింగు ఎవరికివ్వాలి, ఆర్చి ఎంత ఎత్తు కట్టాలి అని మాట్లాడుకున్నారు. ఇక లేవబోతుంటే వెనక కూర్చున్న మా ఊరి ఉపదేశి తాత అడిగాడు: "బాబూ, మంచం మీదున్నవాళ్ళు ఇందులో ఎక్కడున్నారు?"

లేరు. నా షీటులో గుడికి రాగలిగినవాళ్ళే ఉన్నారు.

తాత ఎందుకడిగాడో నాకు తెలుసు. మా వీధిలో ఒక ముసలావిడ ఉండేది. పాత ఫాదర్ గారు ప్రతి నెలా మొదటి శుక్రవారం ఆవిడకి దివ్యసత్ప్రసాదం ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. ఆయనకి బదిలీ అయింది. కొత్తాయనకి ఆవిడ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు వచ్చిందంటే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చునేదట. నాలుగు నెలలు చూసి పోయింది. చివర్లో అభ్యంగనం కూడా అందలేదు.

తప్పు కొత్త ఫాదర్ గారిదని నేననను. మనం ప్రాజెక్టు మారితే రెండు వారాలు కె.టి. ఇస్తాం, డాక్యుమెంట్లు రాస్తాం, అయినా ఏదో ఒకటి విరుగుతుంది. అలాంటిది కొన్ని వందల కుటుంబాల కష్టసుఖాలు ఒక్క మనిషి తలలో పెట్టుకుని, ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోతే ఏం మిగుల్తుంది?

చర్చి చట్టంలో ఏముందో చూశాను. 1983 నాటి క్యానన్ చట్టం 535 ప్రకారం ప్రతి విచారణలో జ్ఞానస్నానాలకి, పెళ్ళిళ్ళకి, మరణాలకి రిజిస్టర్లు ఉండాలి. 537 ప్రకారం డబ్బు చూసుకునే ఆర్థిక మండలి ఉండి తీరాలి. జనం బాగోగులు ఆలోచించే సలహా మండలి మాత్రం, 536 ప్రకారం, పీఠాధిపతి అవసరమనుకుంటేనే. అదీ సలహా చెప్పడం వరకే. అంటే లెక్కల కమిటీ తప్పనిసరి, మనుషుల కమిటీ ఐచ్ఛికం! 2024 అక్టోబరులో రోమ్‌లో ముగిసిన సినడ్ తుది పత్రం ఇలాంటి మండళ్ళని తప్పనిసరి చేయాలని అడిగింది. నాకు చాలా సంతోషమేసింది. కానీ మండలి తప్పనిసరి అయినంత మాత్రాన అందులో ఆర్చి ఎత్తు గురించి మాట్లాడకుండా ఆపే చట్టం ఏదీ లేదు కదా.

"గుడేమన్నా కంపెనీనా, ప్లాన్లూ టార్గెట్లూ ఏంటి?" అని మా నాన్న విసుక్కున్నారు. నిజమే. ఈ నెల ఎంతమంది పూజకొచ్చారని గ్రాఫు గీస్తే నాకూ చిరాకే. కానీ అదే చట్టంలో 529 చదవండి. గురువు తన వాళ్ళని తెలుసుకోవాలి, ఇళ్ళకి వెళ్ళాలి, రోగుల్ని, పేదల్ని, ఒంటరివాళ్ళని, సొంతూరు వదిలి దూరంగా ఉన్నవాళ్ళని వెతికి పట్టుకోవాలి అంటుంది. అంతమందిని ఒక్కరు ఎలా గుర్తుపెట్టుకుంటారు? ప్రేమ ఉంటే సరిపోదు, జాబితా కూడా ఉండాలి. ప్లాను అంటే నా దృష్టిలో అంతే.. మనం మర్చిపోతామని ముందే ఒప్పుకోవడం.

అందుకే షీటు మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి పేజీలో పండగలు లేవు. ఊరూరా మంచం మీదున్నవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, వాళ్ళని నెలకోసారి చూసొచ్చే మనిషి పేరు. వివరాలు చెప్పింది ఉపదేశులు, మరియదళం ఆడవాళ్ళు. వాళ్ళకి ముందునుంచీ అన్నీ తెలుసు, అడిగినవాడే లేడు. ఇది వాట్సాప్‌లో తిప్పే కాగితం కాదు కాబట్టి ప్రింటు తీసి ఫాదర్ గారి బీరువాలో రిజిస్టర్ల పక్కనే పెట్టాం. ఆయన బదిలీ అయినా అది అక్కడే ఉంటుంది.

మూడు ఊళ్ళ వివరాలు ఇంకా రాలేదు. ఆర్చి మాత్రం అనుకున్న ఎత్తే కట్టారు, అది వేరే సంగతి.

చివర్లో తాత ఇంకో పేజీ పెట్టమన్నాడు. ఊరొదిలి హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళినవాళ్ళది. "వాళ్ళనీ ఎవరో ఒకరు అడుగుతుండాలి కదా" అని, మొదటి పేరు నాదే రాయించాడు.

ఇంతకీ మీ ఊళ్ళో, మీ గుడిలో, పోనీ మీ అపార్టుమెంటు సంఘంలో.. రాలేనివాళ్ళ జాబితా ఎవరి దగ్గరుంది?