ఊరి బడి, వాడ బడి: ఏ కోర్టూ కొట్టెయ్యని వెలి

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు తెల్లపిల్లలకు ఒక బడి, నల్లపిల్లలకు ఇంకో బడి అనే ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి ఎనిమిది నెలలు నిండలేదు. తీర్పును ఎలా అమలు చెయ్యాలో చెబుతూ అదే కోర్టు 1955 మే 31న మరో తీర్పు ఇచ్చింది. సరిగ్గా ఆ మర్నాడే, జూన్ 1న, మన దేశంలో అస్పృశ్యతా నేరాల చట్టం అమల్లోకి వచ్చింది. బడిలోగాని, హాస్టల్లోగాని అంటరానితనం పేరుతో చేర్చుకోకపోవడం, చేర్చుకున్నాక వివక్ష చూపించడం నేరమని అందులో 5వ సెక్షన్ చెబుతుంది. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది. సెక్షన్ అలాగే ఉంది.

అయితే వర్ణవివక్ష గురించి మాట్లాడుకున్నప్పుడల్లా చదువుకున్నవాళ్ళు ఒక మాట అంటారు. "అమెరికాలో లాగా మన దగ్గర చట్టం పిల్లల్ని విడదీయలేదు. ఎవరు ఏ బడికైనా పోవచ్చు." ఈ మాటను ఒప్పుకోవడానికి వీల్లేదు. మన దగ్గర విడదీసే పని చట్టానికి వదిలిపెట్టవలసిన అవసరమే రాలేదు. ఊరు, వాడ అన్న విభజన ఆ పని ముందే చేసి పెట్టింది.

కర్నూలు, కడప జిల్లాలు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. దళితుల పిల్లలు వస్తే తమ పిల్లల్ని మానిపిస్తామని అగ్రవర్ణాలు బెదిరించిన ప్రతిచోటా ప్రభుత్వానికి సులువుగా తోచిన మార్గం వేరే బడి పెట్టడం. 1893లో మద్రాసు ప్రభుత్వం 'పంచముల విద్య'కు ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది. మాలపల్లెల్లో, మాదిగగేరుల్లో మిషనరీలు నడిపిన బడులకు ఊతమిచ్చింది. 1920ల నుంచి లేబర్ డిపార్ట్‌మెంట్ దళితుల కోసం బడులు నడిపింది. 1949 తర్వాత అవే హరిజన సంక్షేమ శాఖ బడులయ్యాయి. రాయలసీమలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల పేర్ల చివర హరిజనవాడ, అరుంధతివాడ, ఆది ఆంధ్రవాడ అని కనిపించేది ఈ చరిత్రే. ఊరి బడికి ఊరి పేరు ఉంటుంది. వాడ బడికి కులం పేరు ఉంటుంది. ఇంతకన్నా స్పష్టంగా ఏ చట్టం రాస్తుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వాడ బడి కేవలం అవమానానికి గుర్తు కాదు. ఊరి బడిలో చివరి వరసలో కూర్చోవలసి వచ్చిన పిల్లలకు అక్షరం అందినచోటు అది. కూలికి పోయే తల్లి చంటిబిడ్డను ఎత్తుకునే పని పెద్దకూతురికి అప్పజెప్పినా, ఇంటిపక్కన బడి ఉంటే ఆ పిల్ల గంటసేపైనా పలక పట్టుకుంటుంది. ఆలూరు, కోసిగి, పత్తికొండ ప్రాంతాల నుంచి మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు వైపు వలసపోయే కుటుంబాల్లో, నంద్యాల వైపు విత్తనపత్తి చేలల్లో పూలు దులిపే పనిలో బడి మానేసిన ఆడపిల్లల విషయంలో బడి ఎంత దూరం అన్నది చిన్న ప్రశ్న కాదు. 2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీవో 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు దూరంలోని హైస్కూళ్ళకు తరలించినప్పుడు తల్లులు రోడ్డెక్కింది అందుకే. 2025లో ఆ జీవోను ఉపసంహరించుకున్నారు. బడిని కలపడమంటే వాడ బడికి తాళం వెయ్యడమే అనుకునే పాలకులకు, కులనిర్మూలనకు సంబంధం లేదు. అమెరికాలోనూ కలపడం పేరుతో మూతపడినవి ఎక్కువగా నల్లవాళ్ళ బడులే. ఉద్యోగాలు పోయినవాళ్ళు వేలాదిమంది నల్లజాతి టీచర్లు. కలిసే భారమంతా బలహీనుల మీదే ఎందుకు పడాలి?

ఇక అన్నం సంగతి. బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు 2004 ఏప్రిల్ 20న మరో ఉత్తర్వు ఇచ్చింది. ఒకే పంక్తిలో కూర్చుని తినడం, దళిత స్త్రీ వండినది తినడం కులం మీద దెబ్బ అవుతుందని ఆశించాం. ఘన్‌శ్యాం షా, సుఖదేవ్ థోరట్ తదితరులు 11 రాష్ట్రాల్లోని 565 గ్రామాల సర్వే ఆధారంగా 2006లో వెలువరించిన అధ్యయనంలో తేలిందేమిటి? ప్రభుత్వ బడుల్లో 38 శాతం చోట్ల దళిత పిల్లల్ని భోజనాల దగ్గర వేరుగా కూర్చోబెడుతున్నారు. మన రాష్ట్రం కూడా ఆ పదకొండింటిలో ఉంది.

వంట పని మన దగ్గర ఎక్కువగా డ్వాక్రా సంఘాలకు అప్పగించారు. సంఘాలేమో చాలాచోట్ల ఊరికి వేరు, వాడకు వేరుగా ఏర్పడి ఉన్నాయి. వంట ఎవరికి దక్కిందో, ఎవరు వండితే గొడవయిందో ఈ జిల్లాల్లో పనిచేసే కార్యకర్తలు తమ మండలంలో లెక్క తీసి చూడాలి. దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని బడి గేటు దగ్గర నిలబడేవాళ్ళలో తల్లులు ఉంటున్నారు. దీన్ని మనం దాటవెయ్యకూడదు.

1960లో న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్ళ రూబీ బ్రిడ్జెస్ తెల్లపిల్లల బడిలో చేరితే, రోజూ గేటు దగ్గర నిలబడి ఆమెను తిట్టిన గుంపులో ముందున్నది ఆడవాళ్ళు. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లపిల్లల్ని అడ్డుకోవడానికి తెల్ల స్త్రీలు తల్లుల పేరుతోనే సంఘం పెట్టారు. వాళ్ళ భయం చదువు గురించి కాదు. ఈరోజు పక్కన కూర్చున్న పిల్లలు రేపు పెళ్ళి చేసుకుంటారని. కులాంతర వివాహం చేసుకున్న కూతుళ్ళను కన్నవాళ్ళే చంపుతున్న చోట మనకు ఈ భయాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. పొయ్యికి, కూతురికి కాపలా కాసే పని పితృస్వామ్యం స్త్రీకి అప్పజెప్పింది. కులానికి కాపలా కూడా ఆ రెండుచోట్లే. 'స్త్రీలమంతా ఒక్కటే' అన్న నినాదం బడిగేటు దగ్గర నిలబడకపోతే ఇంకెక్కడా నిలబడదు.

ఇప్పుడు వెలికి కొత్త వాహనం దొరికింది. పొద్దున ఏడున్నరకు ఊరి నడిబొడ్డున ప్రైవేటు స్కూలు బస్సు ఆగుతుంది. అగ్రవర్ణాల పిల్లలు ముందే ఎక్కేశారు. వాడలో కూడా అప్పోసప్పో చేసి కొడుకును ఎక్కించే తల్లిదండ్రులున్నారు. కూతురు ప్రభుత్వ బడిలో మిగులుతుంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పినా, హైకోర్టు 2022లో గట్టిగా ఆదేశించేదాకా మన రాష్ట్రంలో కదలిక లేదు. ఈ ఎత్తు కూడా కొత్తది కాదు. వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో 1951లో పదహారేళ్ళ బార్బరా జాన్స్ తన బడి దుస్థితి మీద విద్యార్థుల సమ్మె నడిపింది. ఆ కేసు 1954 తీర్పులో భాగమైంది. పిల్లల్ని కలపవలసి వచ్చేసరికి ఆ కౌంటీ 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నిటినీ మూసేసింది. తెల్లపిల్లలు ప్రైవేటు బడికి పోయారు. నల్లపిల్లల్లో చాలామందికి ఐదేళ్ళు బడే లేదు.

ఇది దళిత సంఘాలు చూసుకోవలసిన విషయమనీ, మనది గృహహింస, మద్యం, వేతనాలనీ పనులు పంచుకోవడం ఇక చాలు. మహిళా సంఘాలుగా మనం అడగవలసినవి ఇవి. బోర్డుల మీద కులం పేర్లు తీసెయ్యాలి గాని వాడలో బడిని తీసెయ్యకూడదు. ఊళ్ళో రెండు బడుల్ని కలపవలసి వస్తే కొత్త భవనం వాడలోనే కట్టాలి, ఊరి పిల్లలు నడిచి రావాలి. కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పిన ఉమ్మడి బడి అమలు కావాలి. వంటపనిలో 2004 ఉత్తర్వు ప్రకారం దళిత స్త్రీలకు ప్రాధాన్యం దక్కిందా లేదా బడివారీగా లెక్క బయటపెట్టాలి. పిల్లల్ని వేరుగా కూర్చోబెట్టినచోట 5వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వాలి, సాక్ష్యం చెప్పడానికి ఊరిలోని మన సభ్యులు ముందుకు రావాలి.

చివరి పని అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే అది ప్రభుత్వాన్ని అడిగేది కాదు. మన సంఘాల్లో ఊరివైపు ఉండే అక్కలు తమ పిల్లల్ని, మనవరాళ్ళను వాడ బడిలో చేర్పించాలి.