ఆంప్ కొనే ముందు ఓం నియమం గుర్తుచేసుకోండి

‘అన్నా, రెండు వేల లోపు మంచి హెడ్‌ఫోన్ ఆంప్ ఏది?’ ప్లేస్‌మెంట్లకు ప్రిపేరవుతున్న జూనియర్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. 2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 ఎంఎం జాక్ తీసేశారు. తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. ఇంట్లో ఉన్న వైరు హెడ్‌ఫోన్స్ పనిచేయాలంటే మధ్యలో ఏదో ఒక చిన్న పరికరం కావాలి. కొనడానికి ఆన్‌లైన్‌లో వెతికితే ఏడొందల నుంచి ఏడు వేల దాకా వందల మోడళ్లు కనిపిస్తాయి. ప్రతిదాని మీదా మిల్లీవాట్లు, 32 బిట్లు, బంగారు అక్షరాలే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఈ ప్రశ్న అడిగే వాళ్లలో చాలామందికి ఆంప్ అక్కర్లేదు. కావాల్సినవాళ్లు కూడా బ్రాండు, రేటింగు చూసి కాదు, లెక్కవేసి ఎంచుకోవాలి. ఆ లెక్క ఇంటర్ ఫిజిక్స్‌లో మనమంతా చేసిందే.

నేను చేసిన పొరపాటు

ఫైనలియర్‌లో ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఒక పోర్టబుల్ ఆంప్ కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, సొంత బ్యాటరీ ఉంది. పాటలు బాగానే వినిపించాయి. వారం తిరక్కుండానే ఒక కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది. ల్యాప్‌టాప్ జాక్‌కి ఆంప్, ఆంప్‌కి మైక్ ఉన్న హెడ్‌సెట్ పెట్టుకుని దర్జాగా కూర్చున్నా.

అవతలి వాళ్ల మాట గంటలా వినిపిస్తోంది. నా మాటే వాళ్లకు సరిగ్గా చేరడం లేదు. ‘మీ వాయిస్ దూరంగా వస్తోంది, వెనక ఏదో హోరు ఉంది’ అన్నారు. రెండుసార్లు లాగ్ అవుట్ అయ్యి మళ్లీ వచ్చా. అరగంట ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఇలాగే పోయాయి. మిగతా ఇరవై నిమిషాలూ కంగారుతోనే గడిచాయి. సెలెక్ట్ కాలేదు. కారణం అదొక్కటే అనను, కానీ వచ్చిన జవాబులు కూడా ఆ కంగారులో తప్పు చెప్పాను.

ఏం జరిగిందో రాత్రికి గానీ అర్థం కాలేదు. ఆ ఆంప్ కేవలం వినడానికి తయారైంది. మైక్ సిగ్నల్ వెళ్లే దారే అందులో లేదు. దాంతో ల్యాప్‌టాప్ హెడ్‌సెట్ మైక్‌ని వదిలేసి తన లోపలి మైక్‌ని పట్టుకుంది. నా నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. అదే ఆ హోరు.

కొనేటప్పుడు ఒక్క నిమిషం ప్లగ్ చూసి ఉంటే తెలిసిపోయేది. 3.5 ఎంఎం ప్లగ్ మీద మూడు గీతలుంటే మైక్‌కి కూడా దారి ఉన్నట్టు. రెండే ఉంటే వినడానికి మాత్రమే. నా ఆంప్‌తో వచ్చిన వైరుకి ఉన్నవి రెండు.

అసలు ఆంప్ చేసే పనేంటి?

రెండు పనులను మనం ఒకే పేరుతో పిలిచేస్తున్నాం. ఫోన్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెల్ని విద్యుత్ తరంగంగా మార్చేది డాక్, అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ని కదిలించేంత బలం ఇచ్చేది ఆంప్లిఫయర్. టైప్-సి పోర్టుకు పెట్టే వేలెడంత డాంగిల్‌లో ఈ రెండూ ఉంటాయి. పాత తరహా బ్యాటరీ ఆంప్‌లలో చాలావాటికి ఆంప్ మాత్రమే ఉంటుంది. జాక్ లేని ఫోన్ ఉన్నవాళ్లు అలాంటిది కొంటే దాన్ని పెట్టుకోవడానికి చోటే ఉండదు. ఈ ఒక్క తేడా తెలియక డబ్బు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ వాడేవాళ్లకైతే ఈ చర్చే అనవసరం. డాక్, ఆంప్ రెండూ ఆ బడ్స్ లోపలే ఉంటాయి. బయటి ఆంప్ వాటికి చేసేదేమీ లేదు.

ఇప్పుడు లెక్క

హెడ్‌ఫోన్ డబ్బా మీద రెండు అంకెలు వెతకండి. ఒకటి ఇంపెడెన్స్, ఓమ్‌లలో ఉంటుంది. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందన్నది. మూడో అంకె డాంగిల్‌ది. అది గరిష్ఠంగా ఎన్ని వోల్టులు ఇస్తుందో చూడాలి. ఇక సూత్రం మీకు తెలిసిందే. పవర్ అంటే వోల్టేజీ వర్గాన్ని రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది.

మామూలు ఇయర్‌ఫోన్ ఒకటి తీసుకుందాం. 32 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ అనుకోండి. డాంగిల్ 1 వోల్టు ఇస్తే పవర్ సుమారు 31 మిల్లీవాట్లు. పవర్ పది రెట్లయితే 10 డెసిబెల్స్, రెండు రెట్లయితే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. ఆ లెక్కన 31 మిల్లీవాట్లకు 15 డెసిబెల్స్ కలుస్తాయి. మొత్తం 115. అది చెవికి ప్రమాదకరమైన స్థాయి. అంటే ఈ ఇయర్‌ఫోన్‌కి మామూలు డాంగిలే అవసరానికి మించి సరిపోతుంది. దానికి 200 మిల్లీవాట్ల ఆంప్ కొనడమంటే, గల్లీలో తిరిగే స్కూటీకి లారీ ఇంజిన్ బిగించడమే.

మరి ఎవరికి కావాలి? స్టూడియో తరహా హెడ్‌ఫోన్స్ ఉన్నవాళ్లకి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల రకాల్లో దొరుకుతుంది. కొనేటప్పుడు ఏ రకమో చూసుకోవాలి. 300 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 95 డెసిబెల్స్ ఉన్న హెడ్‌ఫోన్‌కి 1 వోల్టు ఇస్తే వచ్చేది 3.3 మిల్లీవాట్లే. శబ్దం గరిష్ఠంగా 100 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. ‘100 చాలదా?’ అనిపించొచ్చు. సంగీతంలో సగటు శబ్దానికీ, డప్పు దెబ్బ పడిన క్షణానికీ మధ్య 15, 20 డెసిబెల్స్ తేడా ఉండొచ్చు. ఆ దెబ్బకు కూడా చోటు మిగలాలి. ఇదే హెడ్‌ఫోన్‌కి 2 వోల్టులు ఇచ్చే డాంగిల్ పెడితే పవర్ నాలుగు రెట్లవుతుంది, 6 డెసిబెల్స్ పెరుగుతాయి. పని జరిగిపోతుంది. పెద్ద డబ్బా అక్కర్లేదు.

ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని మిల్లీవాట్‌కి కాకుండా వోల్టుకి చెబుతాయి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ఆ అంకె 15 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. పోల్చే ముందు రెండూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూడండి.

ప్రకటనలో చూడాల్సినవి, వదిలేయాల్సినవి

‘300 మిల్లీవాట్స్’ అని రాస్తే ఎన్ని ఓమ్‌ల దగ్గర అని అడగండి. 16 ఓమ్‌ల దగ్గర వచ్చిన అంకె 300 ఓమ్‌ల దగ్గర రాదు. కొన్ని పరికరాల్లో ఆ పెద్ద అంకె బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కే వర్తిస్తుంది. మీ దగ్గరున్నది మామూలు 3.5 ఎంఎం ప్లగ్ అయితే దాంతో లాభం లేదు.

32 బిట్, 384 కిలోహెర్ట్జ్ లాంటి అంకెల మీద అదనంగా ఖర్చు పెట్టొద్దు. సీడీ నాణ్యత 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. సీడీలో అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. సిటీ బస్సులోనో, నలుగురున్న హాస్టల్ గదిలోనో కూర్చుని అంతకు మించింది వినగలమని నేను అనుకోను.

చూడాల్సింది అవుట్‌పుట్ ఇంపెడెన్స్. అది హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకపోతే మంచిదని ఒక మోటు లెక్క ఉంది. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి 2 ఓమ్‌లు. ఇది దాటితే, కొన్ని ఇయర్‌ఫోన్స్‌లో బేస్, ట్రెబుల్ సమతూకం మారిపోతుంది.

యాపిల్ టైప్-సి అడాప్టర్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే చక్కటి డాంగిల్. 1 వోల్టు ఇస్తుంది, మైక్ కూడా పనిచేస్తుంది. అయితే యూరప్ మార్కెట్‌కి చేసిన రకం అందులో సగమే ఇస్తుంది. పైగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పెడితే వాల్యూమ్ బాగా తగ్గిపోతుంది. ల్యాప్‌టాప్‌కి అయితే ఆ బాధ ఉండదు. అందుకే మీ ఫోన్‌తో పెట్టి చూశాకే బిల్లు కట్టండి, లేదా వాపసు తీసుకునే చోట కొనండి. డాంగిల్ పెట్టినంతసేపూ ఫోన్ బ్యాటరీ ఖర్చవుతుంది, ఒకటే పోర్టు కాబట్టి ఛార్జింగ్ పెట్టడానికీ ఉండదు. గంటల తరబడి క్లాసులు వినేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

ఇంటర్వ్యూకి ఏది ముఖ్యం?

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు మొదటి వెయ్యి రూపాయలు పెట్టాల్సింది చెవి కోసం కాదు, గొంతు కోసం. ఇంటర్వ్యూలో మీకు వాళ్ల మాట స్టీరియోలో వినిపించనక్కర్లేదు. మీ మాట వాళ్లకు స్పష్టంగా వినిపించాలి. నోటికి దగ్గరగా మైక్ ఉన్న మామూలు వైరు హెడ్‌సెట్ చాలు. బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైక్ ఆన్ కాగానే చాలా సందర్భాల్లో అది ఫోన్ కాల్ మోడ్‌లోకి వెళ్లిపోయి శబ్దం నాణ్యత పడిపోతుంది. ముందురోజు రాత్రి స్నేహితుడికి వీడియో కాల్ చేసి, ఇంటర్వ్యూకి వాడబోయే అవే వైర్లతో మీ గొంతు రికార్డు చేయించుకుని వినండి. అప్పుడు ఫ్యాన్ కూడా తిరుగుతూ ఉండాలి.

ఈ లెక్క కొలువుకీ పనికొస్తుంది

ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకు ఇంకో మాట. గరిష్ఠ పవర్ బదిలీకి లోడ్, సోర్స్ రెసిస్టెన్స్ సమానంగా ఉండాలని పరీక్షలో రాస్తాం. మరి హెడ్‌ఫోన్ ఆంప్‌లో అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎందుకంత తక్కువ ఉండాలి? రెండూ సమానమైతే సగం పవర్ ఆంప్ లోపలే వేడిగా పోతుంది. పైగా హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది కాబట్టి శబ్దం కూడా మారిపోతుంది. ఇక్కడ మనకు కావాల్సింది వోల్టేజీ చెక్కుచెదరకుండా చేరడం. సిద్ధాంతం తప్పు కాదు, అది ఎక్కడ వర్తిస్తుందన్నదే ప్రశ్న. ఇది మాక్ ఇంటర్వ్యూల్లో అడిగితే మంచి మార్కులున్నవాళ్లు కూడా తడబడటం చూశాను.

ఇంకా ఆసక్తి ఉంటే కొనడం మానేసి తయారు చేయండి. చూ మోయ్ అనే ఆయన రూపొందించిన సర్క్యూట్ ‘సీమోయ్’ పేరుతో ప్రపంచమంతా పాకింది. ఒక ఆప్-ఆంప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, 9 వోల్టుల బ్యాటరీ. చాలామంది దాన్ని పిప్పరమెంట్ల రేకు డబ్బాలో బిగించేవారు. 2011లో ‘ఎన్‌డబ్ల్యూఏవీగై’ అనే మారుపేరుతో ఒక ఇంజినీరు ‘ఆబ్జెక్టివ్ 2’ అనే ఆంప్ డిజైన్‌ని సర్క్యూట్, కొలతలతో సహా అందరి ముందూ పెట్టాడు. అరుదైన విడిభాగాలేమీ లేవు. జాగ్రత్తగా డిజైన్ చేసి, ప్రతిదీ కొలిచి చూపించాడంతే. అది చూసి జనం సొంతంగా కట్టుకున్నారు, చిన్న కంపెనీలు తయారు చేసి అమ్మాయి. హైదరాబాద్ వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే సీమోయ్‌కి కావాల్సిన సామాను దొరుకుతుంది. రెజ్యూమెలో ‘హాబీ: ఎలక్ట్రానిక్స్’ అని రాసే బదులు ‘ఆంప్ చేశాను, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఇంత వచ్చింది’ అని రాయండి. అవతలివాళ్లు అక్కడ ఆగి తప్పక అడుగుతారు.

చివరిగా చెవుల సంగతి. వంద కోట్లకు పైగా యువత పెద్ద శబ్దంతో వినే అలవాటు వల్ల వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెద్దవాళ్లకు ఆ సంస్థ సూచించే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. పోయిన వినికిడిని ఏ ఆంప్ తిరిగి తేలేదు. ఎక్కువ పవర్ కొనుక్కుంటే నాబ్ ఇంకొంచెం తిప్పాలనిపించడం సహజం. నాకూ అనిపించేది.

పాటల మీద ఖర్చు దండగ అని నేననను. రోజంతా ఆప్టిట్యూడ్ లెక్కలు చేసి అలసిపోయిన రాత్రి ఒక మంచి పాట ఇచ్చే ఊరట నాకు తెలుసు. కానీ ఆ ఊరటకు మీ దగ్గరున్న ఇయర్‌ఫోన్, మైక్‌కి దారి ఉన్న ఒక మామూలు డాంగిల్ చాలావరకు సరిపోతాయి. కార్ట్‌లో పెట్టిన ఆంప్‌ని ఇవాళ్టికి అలాగే ఉంచి, హెడ్‌ఫోన్ డబ్బా మీది ఓమ్‌లు, డెసిబెల్స్ ఒక కాగితం మీద రాసుకోండి. లెక్క వేశాక కూడా కావాలనే వస్తే, నిశ్చింతగా కొనండి.