పేరు చదవని వాళ్ళ సంగతి

ఏటా అక్టోబరు 21న పోలీసు మైదానాల్లో ఆ ఏడాది విధి నిర్వహణలో ప్రాణాలు పోగొట్టుకున్న వారి పేర్లు చదువుతారు. 1959లో అదే రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో పదిమంది మన పోలీసులు చనిపోయారు. వారి జ్ఞాపకంగా మొదలైన ఆనవాయితీ ఇది. 2018లో ఢిల్లీ చాణక్యపురిలో జాతీయ పోలీసు స్మారకం కూడా వెలిసింది. మంచిదే. మరి ముప్పై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేసి, మోకాళ్ళ నొప్పులూ బీపీతో ఇల్లు చేరేవాళ్ళ సంగతేమిటి? వాళ్ళ పేర్లు ఎవరు చదువుతారు?

పోలీసులంటే మనకి అంత సదభిప్రాయం లేదు. దాచుకోవడమెందుకు! స్టేషన్ గుమ్మం తొక్కాలంటే చాలామంది ఆడవాళ్ళు ఈనాటికీ జంకుతారు. అందుకు కారణాలూ ఉన్నాయి, వాటిని కప్పిపుచ్చమని ఎవరూ అడగడం లేదు. కానీ ఆ గుమ్మం లోపల ఖాకీ బట్టల్లో ఒక ఆడమనిషి కనిపిస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది కదా? ఈ మాటలు ఆవిడ గురించే.

పొద్దుగూకాక, తెల్లారేలోగా ఆడవాళ్ళని అరెస్టు చేయకూడదు, తప్పనిసరైతే మేజిస్ట్రేటు అనుమతితో మహిళా పోలీసు అధికారే చేయాలి అని 2005 నాటి చట్ట సవరణ చెప్పింది. అత్యాచారానికి గురైన స్త్రీ చెప్పేది మహిళా అధికారే రాసుకోవాలని 2013లో మరో సవరణ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ నియమాలున్నాయి. ఎంతో పోరాడి సాధించుకున్నవి ఇవి. అయితే 2022 జనవరి నాటి లెక్కల్లో దేశం మొత్తం మీద పోలీసుల్లో ఆడవాళ్ళు నూటికి 12 మంది కూడా లేరు! చట్టమేమో ప్రతి కేసులోనూ ఆడపోలీసు కావాలంటుంది, స్టేషన్లో ఉండేది ఒకరో ఇద్దరో. ఇక అర్ధరాత్రి ఫోను ఎవరికి వస్తుంది? చంటిపిల్ల పాలకి ఏడుస్తున్నా, అత్తగారు జ్వరంతో మూలుగుతున్నా ఆవిడే లేచి యూనిఫాం తొడుక్కోవాలి. బాధితురాలిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, పరీక్ష అయ్యేదాకా పక్కనే కూర్చోవాలి, ఆ పిల్ల చెయ్యి వదిలితే ఒట్టు. ఇవేవీ పేపర్లో రావు. వచ్చేది ఎస్పీగారి ప్రెస్‌మీట్ ఫొటో.

బందోబస్తు సంగతి ఇంకా దారుణం. జాతర కానీయండి, మంత్రిగారి పర్యటన కానీయండి, తెల్లవారుజాము నుంచే రోడ్డు మీద నిలబడాలి. దగ్గర్లో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి నీళ్ళు తాగడం మానేస్తారు. మన అమ్మాయి ఎండాకాలంలో అలా చేస్తే ఊరుకుంటామా? దేశంలో పోలీసులు సగటున రోజుకి 14 గంటలు పనిచేస్తున్నారనీ, దాదాపు సగంమందికి వారానికొక్క సెలవైనా లేదనీ 2019లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వారాంతపు సెలవు ప్రకటిస్తే పెద్ద వార్తయింది. మిగతా ఉద్యోగులకి మామూలు ఆదివారం వీళ్ళకి వార్త!

ఇదంతా చూసి మనం 'త్యాగం' అంటాం. చాలా అనుకూలమైన మాట అది. త్యాగం అనేస్తే మరుగుదొడ్డి కట్టక్కర్లేదు, షిఫ్టు డ్యూటీ వేయక్కర్లేదు, చంటిబిడ్డని పడుకోబెట్టడానికి స్టేషన్లో ఒక గది చూపించక్కర్లేదు. 1951 నుంచి రాష్ట్రపతి పోలీసు పతకాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉగాదికి ఉత్తమ సేవా పతకాలూ, కఠిన సేవా పతకాలూ ఇస్తారు. అందుకున్నవారికి జేజేలు. కానీ కానిస్టేబులుగా చేరి ఏ ఏఎస్సైగానో దిగిపోయేవాళ్ళలో ఎక్కువమంది మెడల్ ముఖం చూడకుండానే దిగిపోతారు.

అలా దిగిపోయే రోజున స్టేషన్లో ఒక చిన్న సభ పెడతారు. శాలువా, పూలదండ, మిఠాయి పొట్లం. రిటైరయ్యే మగాయన పక్కన కుర్చీ వేసి భార్యని కూర్చోబెట్టే మర్యాద చాలాచోట్ల ఉంది. ఆయన బందోబస్తుల్లో ఉండగా పిల్లల చదువులూ, బదిలీలూ, క్వార్టర్ల మారకాలూ ఈదుకొచ్చింది ఆవిడే, ఆ గౌరవం ఆవిడకి దక్కాల్సిందే. రిటైరయ్యేది ఆడ కానిస్టేబులైతే? ఆ రెండో కుర్చీలో భర్తతో పాటు, ఆవిడ నైట్ డ్యూటీలకి వెళ్ళిన ఇన్నేళ్ళూ పిల్లల్ని పక్కలో వేసుకుని పడుకున్న అమ్మకో, అత్తకో, ఎదురింటి పిన్నిగారికో కూడా చోటు వేయండి. ఇంకో శాలువా కొంటే సరి.