పట్టా చేతికి వచ్చింది – బాట ఏది?

గత సంచిక వెలువడిన పిమ్మట మాకు అందిన ఉత్తరాలలో ఒకటి మమ్ములను కొంత కలవరపరచింది. వ్రాసినవారు మన ఉద్యోగి సోదరులే. వారి కుమార్తె ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళలో పట్టం పుచ్చుకొని ఏడాది దాటింది. బ్యాంకు పరీక్షలకు కూర్చోమని తండ్రి పట్టు. కుంచె విడువనని అమ్మాయి పట్టు. ‘ఒకే ఇంట ఉంటూ మేమిద్దరం సరిగా మాట్లాడుకొని రెండు నెలలైనది’ అన్న వాక్యంతో ఆ ఉత్తరం ముగిసింది.

సమాధానం ఆలోచిస్తూ ఉండగానే మేము కార్యార్థమై కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్‌కు వెళ్ళవలసి వచ్చింది. ఈ పేరు విశాఖవాసులకు కొత్త కాదు. 2003 వరకు వాల్తేరు డివిజను అక్కడి ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అధీనంలోనే ఉండేది. ఆ పక్కనే, హుగ్లీ నది ఒడ్డున ఉన్న పేట మెటియాబ్రుజ్. పని ముగిసిన సాయంకాలం ఆ వీధులలో నడిచాము. మా ప్రశ్నకు సమాధానం అక్కడ కొంత దొరికింది.

1856లో ఆంగ్లేయులు అవధ్ రాజ్యాన్ని కలుపుకొనగా, పదవి కోల్పోయిన నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరి ఇక్కడే స్థిరపడ్డాడు. ఏడాదికి పన్నెండు లక్షల రూపాయల భరణంతో మెటియాబ్రుజ్‌ను చిన్న లక్నోగా మలచుకొన్నాడు. గాయకులు, నర్తకులు, వంటవారు, దర్జీలు, జరీ పనివారు ఆయన నీడన బ్రతికారు. 1887లో ఆయన కన్నుమూశాడు. తోటలు, భవనాలు అమ్ముడుపోయాయి. ఆ పనివారి గతి ఏమి కావలె? సూది చేతిలో ఉన్నది. కుట్టించుకొనే ప్రభువు లేడు.

నేటి మెటియాబ్రుజ్ కుట్టుపనికి మూలం ఆ నవాబు దర్జీలేనని స్థానికులు చెప్పుకొంటారు. రాజు పోయిన పిదప సూది బజారును ఆశ్రయించింది. నేడు అక్కడ ఇంటింటా కుట్టుమిషన్ల చప్పుడే. ‘ఓస్తాగర్’ అని పిలువబడే యజమాని బట్ట కత్తిరించి ఇస్తాడు. కుట్టు ఒక ఇంట, అల్లిక మరొక ఇంట, గుండీలు వేరొక ఇంట. తయారైన దుస్తులు, ముఖ్యంగా పిల్లల దుస్తులు, వారాంతపు హాట్‌లలో టోకున అమ్ముడై పలు రాష్ట్రాలకు చేరుతాయి.

కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషన్లు మా దృష్టిని మరింత ఆకర్షించాయి. కాగితం మీది పువ్వును మిషను తనంతట కుట్టలేదు. ఏ రేకు ముందు, దారం ఏ వాలున, కుట్లు ఎంత దట్టంగా అన్నది ఎవరో ఒకరు నిర్ణయించి మిషనుకు తెలిపే నమూనాగా మార్చాలి. దీనిని ‘పంచింగ్’ అంటారు. బట్ట ఎక్కడ ముడుచుకొంటుందో ముందుగా ఊహించగలిగినవాడే ఇందులో నేర్పరి. గీత తెలిసినవారికి ఇది అచ్చంగా తమ పనియే. అయితే అన్నీ బాగున్నాయని చెప్పబోము. ముక్కల లెక్కన కూలి తీసుకొనే చేతులు అక్కడ అనేకం. పనితనంతో పాటు గిరాకీ, ధర, బేరం తెలియకపోతే కళ కూలిగానే మిగిలిపోతుంది.

ఆ నగరంలోనే మరొక ఉదాహరణ ఉన్నది. సత్యజిత్ రాయ్ శాంతినికేతనంలో చిత్రకళాభ్యాసం పూర్తి కాకుండానే తిరిగివచ్చి, 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో నెలకు ఎనభై రూపాయల జీతానికి చేరాడు. తరువాత సిగ్నెట్ ప్రెస్ పుస్తకాలకు ముఖచిత్రాలు వేశాడు. ‘పథేర్ పాంచాలీ’ బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేస్తున్నప్పుడే దానిని చలనచిత్రంగా తీయాలన్న తలపు ఆయనకు కలిగింది. చిత్రం 1955లో వచ్చింది. జీతం కోసం చేసిన పని ఆయన కళను చంపలేదు. దానికి దారి చూపింది. మన చిత్రకారులు తోట వైకుంఠం గారు కూడ ‘దాసి’ చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం అందుకొన్నారు.

కనుక అమ్మాయికి మేము చెప్పేది ఇది. ‘నాకు ఏ ఉద్యోగం వస్తుంది?’ అని కాక, ‘నా గీత ఎవరికి అవసరం?’ అని అడుగు. నీ మేలైన పనులు పది పన్నెండు ఒక సంపుటిగా కూర్చుకో. అచ్చుయంత్రాలు, మగ్గాలు, పాఠశాలలు, యానిమేషన్ సంస్థలు ఉన్నచోటికి స్వయంగా వెళ్ళి చూడు. ఇంకా చదవదలిస్తే 1995 నుండి హైదరాబాదులో నిఫ్ట్ ఉన్నది, అహమ్మదాబాదులో ఎన్.ఐ.డి. ఉన్నది. బ్యాంకు పరీక్ష వ్రాసినంతమాత్రాన కుంచెకు ద్రోహం చేసినట్లు కాదు; వ్రాయకపోయినంతమాత్రాన తండ్రికి ద్రోహం చేసినట్లూ కాదు.

ఇక తండ్రిగారికి ఒక మనవి. మీ భయం న్యాయమైనదే. అయితే అమ్మాయికి ఒక గడువు ఇవ్వండి. ఆ గడువులో ఒక్కమారైనా ఆమెతో కలిసి అటువంటి పనిశాలకు వెళ్ళండి. ఆమె చూసేది మీరూ చూస్తే, ఆ రాత్రి భోజనాల వేళ మీ ఇరువురికీ మాట్లాడుకొనుటకు ఒక విషయం దొరుకుతుంది. అంతకు మించిన ఆరంభం మాకు తోచలేదు.