ఆరోగ్యము: నీటికాసులకు కంటిచుక్కలు

బడంగ్‌పేటనుండి యొక సోదరి మా కిట్లు వ్రాసినారు: "మా అత్తగారికి నీటికాసులని చెప్పి వైద్యులు కంటిచుక్కల నిచ్చిరి. రెండు మాసములనుండి వేయుచున్నాము. చూపు ఆవగింజంతయు మెఱుగుపడలేదు. పండిన పిదప శస్త్రము చేయింపవచ్చునని పొరుగువా రనుచున్నారు. చుక్కలు మానుదుమా?"

సోదరీ, మానవలదు. ఇట్టి సందేహము పెక్కిండ్ల నున్నది గావున ప్రత్యుత్తర మిచ్చటనే వ్రాయుచున్నాము.

హైదరాబాదు ప్రాంతమున శుక్లమును మోతియా యనియు, నీటికాసులను కాలా మోతియా యనియు వ్యవహరింతురు. పేరులోని యీ పోలికయే భ్రమకు మూలము. శుక్లమున కంటిలోని కటకము మసకబాఱును. దానిని మార్చినచో చూపు తిరిగి వచ్చును. నీటికాసు లట్టివి కావు. కంటిలో నిరంతర మూరు ద్రవము చక్కగా వెలికి పోకున్నచో లోని యొత్తిడి హెచ్చి, చూపును మెదడునకు గొనిపోవు నరము క్షీణించును. ఆ నరము మరల చిగిర్పదు. మొదట ప్రక్కచూపు తగ్గును. ఎదుటిచూపు చాలకాలము నిలుచును. తఱచుగా నొప్పియు నుండదు. 1996లో ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల పరిశోధనలో, హైదరాబాదు నగరమున నీ వ్యాధి సాధారణరూపము గలవారిలో నూటికి 90 మందికి పైగా తమకది యున్నట్లే యెఱుగరని తేలినది. మీ అత్తగారికి ముందుగా తెలియుట భాగ్యమే.

చుక్కలు పోయిన చూపును తేవు. ఉన్న చూపును నిలుపును. మెఱుగు కానరాలేదని మానుట, దొంగలు రాలేదుగదా యని తలుపు గడియ తీసివైచుట వంటిది.

ఇక వేయు విధము. చేతులు కడుగుకొని, పెద్దవారిని వెల్లకిల పరుండబెట్టి, క్రింది ఱెప్పను మెల్లగా లాగిన చిన్న సంచివలె నగును. అందొక చుక్క వేయవలెను. సీసా కొన కంటికిగాని వెండ్రుకలకుగాని తగులరాదు. ఒక్క చుక్క చాలును. రెండవది చెక్కిలిపై జాఱిపోవుటయే. పిమ్మట కన్ను మూసి, ముక్కు ప్రక్కనున్న కంటికొలికిని వ్రేలితో రెండు నిమిషములు నొక్కి పట్టవలెను. లేనిచో మందు ముక్కులోనికి దిగి రక్తమున కలియును. 1978నుండి వాడుకలోనున్న టిమొలాల్ అట్లు కలిసినచో ఉబ్బసము గలవారికి ఊపిరాడకపోవచ్చును, గుండె వేగము తగ్గవచ్చును. కావున ఉబ్బసము, గుండెజబ్బు ఉన్నచో వైద్యునకు ముందే చెప్పవలెను.

రెండు మందు లున్నచో నడుమ అయిదు నిమిషములైన నాగవలెను. లేనిచో రెండవది మొదటిదానిని కడిగివేయును. సీసాపై తెఱచిన తేదీ వ్రాయుడు. చాల మందులను నెల దాటిన పిమ్మట పాఱవేయవలెను. లాటనోప్రోస్ట్ వంటి కొన్నింటిని తెఱవకముందు శీతలపేటికలో నుంచవలెను. కన్ను ఎఱ్ఱబాఱిన, మంటపెట్టిన మీకు మీరే మానక, వైద్యునితో చెప్పుడు, మందు మార్చగలరు.

ఒకరి సీసా నింకొకరు వాడరాదు. తేనె, ఆముదము, చనుబాలు కంట వేయరాదు. దురదకని అంగడిలో నడిగి తెచ్చు స్టెరాయిడ్ చుక్కలు ఒత్తిడిని హెచ్చించి, లేని నీటికాసులను దెచ్చిపెట్టగలవు. పిల్లల విషయమున మఱింత జాగ్రత్త వలెను. కంట తీవ్రమైన నొప్పి, ఎఱుపు, వాంతులు, దీపము చుట్టు రంగుల వలయములు తోచినచో, తలనొప్పి యని యూరకుండక ఆ గడియనే నేత్రవైద్యశాలకు పోవలెను.

ఈ వ్యాధి రక్తసంబంధమున వచ్చుట కలదు. మీ భర్తగారును, వారి తోబుట్టువులును నలువదియేండ్లు దాటియున్నచో పరీక్ష చేయించుకొనవలెను. మెహదీపట్నమున ప్రభుత్వపు సరోజినీదేవి నేత్రవైద్యశాల యున్నది. 1987లో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థయు నగరముననే కలదు.

సోదరీ, సంధ్యవేళ దీపము పెట్టుట మీరు మఱువరు గదా. వైద్యు లంగీకరించినచో, ఆ వేళనే అత్తగారి చుక్కకును నిర్ణయించుకొనుడు. ఆ దీపమును ఆమె యెల్లకాలము చూడగలుగుటకు మీ చేతి యా యొక్క చుక్కయే కాపు.