దూల తీరింది!

ఔట్‌డోర్ షూటింగంటే మీలో చాలామందికి ఓ రంగుల కల! పచ్చటి చెట్లు, గలగలమనే వాగు, పొగమంచు, ఆ మంచులో తెల్లచీర హీరోయిన్! ఆ మంచులో సగం యూనిట్‌వాళ్లు వదిలిన పొగేనన్న సంగతి అలా ఉంచండి. ఆ చెట్ల కింద తీరిగ్గా కూచున్న ఓ విలేకరికి ఏమైందో ఈ వారం చెప్తాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే చివరిదాకా చదవండి. రెండో సగంలో నవ్వేంత సంగతి లేదు.

2019 జనవరి. మారేడుమిల్లి అడవి. ఓ చిన్న సినిమాకి పాట తీస్తున్నారు. (పేరడక్కండి. ఆ సినిమా ఇంకా డబ్బాలోనే ఉంది. ఇప్పుడు డబ్బాలెక్కడివి, హార్డ్‌డిస్క్‌లో అనాలి కాబోలు!) రెండో రోజు పొద్దున్న, షాట్ బాగా కనిపిస్తుందని యూనిట్‌కి కాస్త ఎడంగా ఓ పడిపోయిన మొద్దు మీద కూచున్నాను. నెత్తిమీద ఏదో తీగ. దానికి బంగారు రంగు మఖమల్ గుడ్డ చుట్టిన చింతకాయల్లాంటి కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. అందంగా ఉన్నదాన్ని చూస్తే ఊరుకోలేని జబ్బు నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. చెయ్యి చాచి ఓ గుత్తి దులిపాను.

అంతే! అరనిమిషం పట్టలేదు. చేతులు, మెడ, వీపు... దురదా, మంటా కలిపి ఒకటే గోల. తువ్వాలుతో తుడుచుకున్నాను. తుడిచిన కొద్దీ మెడమీదది వీపుకి, వీపుమీదది నడుముకి దిగింది. నా గెంతులు చూసి డాన్స్‌మాస్టరు పాట ఆపించి, "ఈ స్టెప్పేదో మన హీరోకి నేర్పండి సార్" అన్నారు. నా దూల అక్షరాలా తీరింది. ఆ తీగె పేరే దూలగొండి!

యూనిట్‌కి నీళ్లు మోస్తున్న కొండరెడ్ల అవ్వ పరుగున వచ్చి నా చేతిలో తువ్వాలు లాగేసింది. "రుద్దకు బాబూ, రుద్దితే లోపలికి పోద్ది" అంది. ఆ ఒక్క మాటలో మొత్తం వైద్యం ఉంది. కాయ మీద కనిపించే ఆ మఖమల్ నిజానికి సూదుల్లాంటి సన్నటి నూగు. అది చర్మంలో గుచ్చుకుంటుంది. అందులో మ్యూకునైన్ అనే పదార్థం ఉంది, అది దురదని మోసే నరాలని నేరుగా కెలుకుతుంది. మామూలు దద్దుర్ల దురద దారి వేరు, దీని దారి వేరు. అందుకే అలర్జీకి వేసుకునే మాత్ర దీని దగ్గర పెద్దగా పనిచెయ్యదు. చెయ్యాల్సిందల్లా ఆ నూగుని పీకెయ్యడమే. కెమెరా అసిస్టెంటు తన బ్యాగులోంచి అంటుకునే టేపు తీసి, ముక్కలు కత్తిరించి, చర్మానికి అతికిస్తూ మెల్లిగా లాగాడు. ప్రతి ముక్కకీ గోధుమరంగు నూగు! తర్వాత నీళ్లు ధారగా పోసి కడిగించి, చొక్కా మార్పించారు. గంటలో మనిషినయ్యాను. మీకూ ఇలాగే అయితే టేపు దొరికేదాకా ఓర్చుకోండిగానీ గోళ్లకి పని చెప్పకండి. కంట్లో పడితే మాత్రం నలపకుండా నీళ్లతో కడుక్కుంటూ డాక్టరు దగ్గరికి నడవండి.

అన్నట్టు ఈ దూలగొండి, క్లైమాక్స్‌లో మంచివాడైపోయే విలన్ లాంటిది సుమండీ! దీని గింజల్లోంచే 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే మన శాస్త్రజ్ఞులు ఎల్-డోపా తీశారు. వణుకుడు జబ్బుకి, అంటే పార్కిన్సన్స్‌కి, ఈనాటికీ పెద్ద మందు ఆ ఎల్-డోపాయే.

సరే, ఇక అసలు సంగతి.

మర్నాడు పొద్దున్న టిఫిన్ల దగ్గర లైట్‌మన్ ఒకాయన నా పక్కన కూచుని, "నాక్కూడా మీలాగే అంటుకుంది సార్" అని మోచేతులు చూపించాడు. ఎర్రగా, గీతలు గీసినట్టు దద్దుర్లు. నిన్నటి అనుభవంతో నేను దురద మీద పెద్ద ఆథారిటీనైపోయాను కదా! "ఏం లేదన్నా, దూలగొండే. టేపెయ్యి, గంటలో పోతుంది" అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు చూడండి, ఆ కత్తిపీటని నేనే. ఆయన నా మాట నమ్మి టేపు వేసుకున్నాడు. వాచిన తోలు ఇంకా రేగింది. అది కనపడితే పంపించేస్తారనీ, ఆ రోజు బేటా పోతుందనీ భయపడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని సాయంత్రందాకా లైట్లు మోశాడు. నాలుగో రోజు తెల్లారేసరికి ముఖం వాచి ఓ కన్ను మూసుకుపోయింది. మోచేతుల మీద నీటి బొబ్బలు.

రంపచోడవరం ఆస్పత్రికి నేనే తీసికెళ్లాను. డాక్టరుగారు బొబ్బలు చూసి, "ఇవాళ, నిన్న కాదు, అంతకుముందు ఏం పని చేశావు?" అనడిగారు. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటాను. మొదటి రోజు లైటుకి అడ్డమొచ్చిందని ఆయన ఓ చెట్టు కొమ్మలు నరికాడు. (అడవిలో కొమ్మ నరకడమే తప్పు, అది వేరే సంగతి.) చేతికంటిన పాలు ఆరి నల్లటి మచ్చలయ్యాయట. అది నల్లజీడి! మన పల్లెల్లో రజకులు బట్టలకి గుర్తులు పెట్టేది ఆ గింజ రసంతోనే. ఆయన వాపు కనపడకుండా తొడుక్కున్నది కూడా కొమ్మలు నరికిన రోజు చొక్కాయే. అంటే మచ్చలు దాచుకోవడానికి మళ్లీ అదే విషం ఒంటికి చుట్టుకున్నాడన్నమాట.

తేడా ఇక్కడుంది. దూలగొండి తక్షణం చెప్తుంది. నల్లజీడి ఒకటి రెండు రోజులు మౌనంగా ఉండి తర్వాత విరుచుకుపడుతుంది, రెండు మూడు వారాలు వదలదు. మొదటిది ముల్లు, రెండోది జిడ్డు. ముల్లుని లాగాలి, జిడ్డుని కడగాలి. అదీ ఆలస్యం లేకుండా, పాలు అంటిన కొద్ది నిమిషాల్లోనే సబ్బు పెట్టి, గోళ్ల సందులతో సహా. కత్తి, చెప్పులు, బట్టలు కూడా కడగాలి, వాటి మీది జిడ్డు చాలాకాలం చావదు. బొబ్బలు లేచాక చల్లటి తడిగుడ్డ, కాలమిన్ లోషన్ కొంత ఉపశమనం. బొబ్బలోని నీరు పక్కవాళ్లకి అంటదు, ఆ భయం వద్దు. ముఖం, కళ్లు వాచినా, చీము పట్టినా, ఆయాసం వచ్చినా ఆస్పత్రికే. స్టెరాయిడ్ మాత్రలు అవసరమైతే డాక్టరు రాస్తారు. కాస్త తగ్గగానే మనంతట మనమే మానేస్తే మళ్లీ లేస్తుంది.

మీలో అమెరికా చదువులకి వెళ్లేవాళ్లున్నారు కాబట్టి ఓ ముక్క. అక్కడి అడవుల్లో, పార్కుల్లో, పెరటి కంచెల మీద కూడా పాయిజన్ ఐవీ అనే మొక్క ఉంటుంది. ఒక్కో కాడకి మూడేసి ఆకులు. న్యూజెర్సీలో ఉన్న మా బాబాయి కొడుకు దాని బారిన పడి, "అన్నయ్యా, నిన్నటిదాకా బానే ఉన్నాను" అని ఫోన్ చేస్తే మా లైట్‌మనే గుర్తొచ్చాడు. ఆ మొక్కా, మన నల్లజీడీ ఒకే కుటుంబం. రెండింటి జిడ్డూ దాయాదులే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికొచ్చిన అమెరికన్ సైనికులకి మెడ మీద, నడుం దగ్గర వింత దద్దుర్లు లేచాయి. తీరా చూస్తే బట్టల మీది నల్లజీడి గుర్తులు! 1943లో వాళ్ల వైద్య పత్రికలోనే ఈ సంగతి రాశారు. పాయిజన్ ఐవీ తీగల్ని ఊడ్చి తగలబెట్టడం మరీ ప్రమాదం, ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

2021లో 'పుష్ప' వచ్చాక మారేడుమిల్లికి కుర్రకారు తాకిడి పెరిగింది. వెళ్లండి, చూడండి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. సంచీలో ఓ సబ్బుముక్క, ఓ టేపు చుట్ట పడెయ్యండి. తెలీని తీగ పక్కన సెల్ఫీ కోసం కాయ దులపకండి, నాలాగా.

లైట్‌మన్‌కి తొమ్మిది రోజులు పని లేకుండా పోయింది. "దురదకి కూడా జీతమిస్తారా?" అన్నాడు ప్రొడక్షన్ మేనేజరు. నా జేబులోంచి కొంత ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "మీరేం చేశారు సార్, మీకు తెలిసింది చెప్పారు" అన్నాడు. ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది, దూలగొండి కంటే.

మొన్న వేసవిలో కృష్ణానగర్‌లో కనిపించి ఇంటికి తీసికెళ్లాడు. మామిడి తొక్కలోనూ ఆ జాతి జిడ్డే ఉంటుందని డాక్టరుగారు చెప్పిన మాట ఆయన మర్చిపోలేదు. వాళ్లావిడ తొక్క తీసి, ముక్కలు కోసి పళ్లెంలో పెట్టింది. నేను టెంక చీకుతుంటే ఆయన ఫోర్కుతో గుచ్చుకుని తింటున్నాడు, జమీందారులా.