37 పాటల బాకీ

మా డాబా మీద ఒక రేకుల గది ఉంది. పొడవు పది అడుగులు, వెడల్పు తొమ్మిది. వడ్ల బస్తాలు వేసుకోవడానికి నాన్న కట్టించుకున్నాడు. పదేళ్లుగా అదే నా స్టూడియో. పగలు హన్మకొండలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పుట్టినరోజుకూ పెద్దకర్మకూ అవే నాయకుల ఫొటోలు, నవ్వు ఒక్కటే తేడా. రాత్రి తొమ్మిదిన్నరకు పైకెక్కి కంప్యూటర్ ముందు కూర్చుంటాను. రేకులు పగటి ఎండను అప్పటికీ కక్కుతూనే ఉంటాయి. సన్నటి శబ్దాలు చెవికి అందాలంటే ఫ్యాన్ ఆపాలి. వాన పడితే మొత్తం పనే బంద్.

మొన్న ఒక కాలేజీ ఫంక్షన్‌లో నన్ను పరిచయం చేస్తూ ‘గురువు లేకుండా ఎలక్ట్రానిక్ సంగీతం నేర్చుకున్న ఏకలవ్యుడు’ అన్నారు. చప్పట్లు పడ్డాయి. నేనూ నవ్వుకుంటూ శాలువా కప్పించుకున్నాను. ఆ రాత్రి గదిలోకి వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే, తెర మీద ఎప్పుడూ ఉండే ‘కాక’ అన్న ఫోల్డర్ కనిపించింది. అందులో 212 డప్పు దెబ్బలున్నాయి. ఏకలవ్యుడు గురువుకు బొటనవేలు కోసిచ్చాడు. నా కథలో వేళ్లు గురువువి.

గురువు లేడన్న మాట మొదటి నుంచే అబద్ధం. డిగ్రీలో రెండు సబ్జెక్టులు మిగిలిపోయి ఒక మొబైల్ షాపులో చేరాను. మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం పని, కార్డుకు ఇరవై రూపాయలు. అక్కడ పనిచేసే అన్న ఒకడు పెళ్లి డీజేలకు రీమిక్సులు చేసేవాడు. ఎఫ్ఎల్ స్టూడియో అతనే చూపించాడు. బెల్జియం కంపెనీ ఒకటి 1997లో ‘ఫ్రూటీలూప్స్’ అన్న పేరుతో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. వరుసకు పదహారు గడులు, ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. సరిగమలు రానివాడికి అది వరం. చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టు పాట వేయొచ్చు. నా దగ్గరున్నది మొదట్లో దొంగ కాపీయే. సేవ్ చేయబోతే అప్పుడప్పుడూ మూసుకుపోయేది.

మొదటి రెండేళ్లు చేసిన పాటలన్నీ డొల్ల. గదిలో వింటే గుండె అదిరేది, పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సుల మీద వేస్తే రేకు డబ్బా మీద కొట్టినట్టుండేది. తప్పు నాది కాదు, గదిదని తర్వాత తెలిసింది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులుంటే 56 హెర్ట్జ్ దగ్గరి శబ్దపు అలలో సగం ఆ రెంటి నడుమ సరిగ్గా ఇమిడి నిలబడిపోతుంది. గోడ దగ్గర బలంగా, గది మధ్యలో బలహీనంగా వినిపిస్తుంది. నా కుర్చీ గోడకు ఆనుకుని ఉండేది. లేని బేస్ ఉన్నట్టు వినపడి, పాటలో దాన్ని తగ్గించేవాణ్ని. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని అందరూ సలహా ఇచ్చారు. అవి చూడటానికే తప్ప బేస్‌ను ఆపవు. చివరికి ఎనుమాముల మార్కెట్ నుంచి పాడైన పత్తి తెచ్చి, గోనె సంచుల్లో కుక్కి, నాలుగు మూలలా పైదాకా పేర్చాను. వెనక గోడకు కొత్తవాడ జంపఖానా రెండు మడతలు వేసి వేలాడదీశాను. కుర్చీ ముందుకు జరిపాను. అప్పుడు గది కొంచెం నిజం చెప్పడం మొదలుపెట్టింది.

డీజే పాట అనగానే మొహం చిట్లించే పాఠకులతో ఒక మాట. రాత్రి పది దాటాక బాక్సులు మోగించేవాళ్లను నేను సమర్థించను, మా అమ్మకూ బీపీ ఉంది. అయినా నా పాటలు వినేవాళ్లలో ఎక్కువమంది వినేది బాక్సుల్లో కాదు, ఫోన్లో. ఫోన్ స్పీకరుకు అంత మంద్రం పలికే శక్తి లేదు. అందుకే మంద్రానికి పైన దాని రెట్టింపు, మూడింతల స్వరాలను కొంచెం కలుపుతాను. కింద లేని స్వరాన్ని చెవి తనంతట తనే నింపుకుంటుంది.

నేను కాక అని పిలిచే డప్పు కళాకారుడు నాకు దొరికింది పరకాల వైపు ఒక ఊళ్లో. తెల్లారుజామున వాళ్ల కొట్టంలో రికార్డు చేశాం. ఎండుగడ్డి మంట వేసి డప్పు కాచాడు. కాగితే తోలు బిగుసుకుని గొంతు పైకి లేస్తుంది, చల్లారితే దిగుతుంది. అందుకే నాలుగు దెబ్బలు కొట్టి మళ్లీ మంట దగ్గరికి. ఒక చేతిలో సిర్ర, ఒక చేతిలో సిటికెన పుల్ల. నాకు ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కావాలి. అంచు మీద ఒకటి, మధ్యలో ఒకటి, అరచేత్తో మూసి ఒకటి. ‘దెబ్బకో ఫైలా? బియ్యం గింజలు లెక్కవెడుతున్నవారా?’ అని నవ్వాడు. చివర ఐదు నిమిషాలు ఆపకుండా తీన్మార్ కొట్టాడు. ఐదు వందల నోటు చేతిలో పెట్టాను. తీసుకున్నాడు.

ఆ దెబ్బలు తెచ్చి గడుల్లో పెట్టాను. నిమిషానికి 120 బీట్లు పెడితే ఒక్కో గడి 125 మిల్లీసెకన్లు. కంప్యూటర్ వెంట్రుకవాసి తేడా రాకుండా కొడుతుంది. పాట మాత్రం పీనుగలా ఉంది. ఫోన్లో కాకకు వినిపిస్తే, ‘డప్పు కొట్టినట్టు లేదు బిడ్డా, గోడకు మేకులు కొట్టినట్టున్నది’ అన్నాడు.

కోపం వచ్చింది. మూడు రాత్రులు ఆ ఐదు నిమిషాల తీన్మార్‌ను తెర మీద పెద్దది చేసి చూశాను. సిర్ర దెబ్బ గీతకు ఒక్క పిసరు ముందే పడుతోంది. పుల్ల దెబ్బ పదిహేను, ఇరవై మిల్లీసెకన్లు వెనకబడుతోంది, అదీ ప్రతిసారీ ఒకేలా కాదు. నాలుగో ఆవర్తనంలో ఒకసారి దాదాపు అందక మళ్లీ అందుకుంటోంది. జనం లేచి ఎగిరేది ఆ అందీ అందని చోటే. ఆ తేడాలన్నీ కొలిచి కాగితం మీద రాసుకుని నా గడుల్లో దెబ్బల్ని అటూ ఇటూ జరిపాను. పాటకు ప్రాణం వచ్చింది. ఆ కొలతల్ని ఒక మూసగా దాచుకుని తర్వాత చేసిన ప్రతి పాటకూ వేశాను. ‘నీ బీట్‌లో ఏదో ఊపు ఉందన్నా’ అని కుర్రాళ్లు కామెంట్లు పెడతారు. ఆ ఊపు నాది కాదు. తీసుకుంది డప్పు చప్పుడు ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్నేమో. నేను తెచ్చుకుంది ఆయన చేతివాటాన్ని.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక ఎఫ్ఎల్ స్టూడియో అసలు లైసెన్సు కొన్నాను. దొంగ సొత్తుతో పని చేయడం నామోషీ అనిపించింది. ఒకసారి కొంటే కొత్త వెర్షన్లు జీవితాంతం ఉచితం. ఆ రసీదు ప్రింటు తీసి భద్రంగా దాచుకున్నాను. ఎప్పుడూ చూడని బెల్జియం వాళ్ల బాకీ తీర్చినవాడికి, బైకు మీద ముప్పావు గంటలో చేరే మనిషి బాకీ గుర్తు రాలేదు. ఇదేదో మతిమరుపని నన్ను నేను నమ్మించుకోలేను.

డప్పు మన దగ్గర ఎప్పుడూ ఒట్టి వాద్యం కాదు. చావుకూ జాతరకూ చాటింపుకూ మాదిగ వాడ నుంచి మనిషి వచ్చి కొట్టాలి. దాన్ని ఊరు పనిగా లెక్కగట్టలేదు, వెట్టి చేసింది. మాది భూమి ఉన్న ఇల్లు. మా తాత కాలంలో కల్లం దగ్గర రెండు చాటల వడ్లు పోస్తే ఆ లెక్క ముగిసేది. నేను ఐదు వందల నోటుతో ముగించాను. వడ్లు ఆ ఒక్క ఏటికే. నా నోటు మాత్రం 37 పాటలకు సరిపోయింది, ఇంకా సరిపోతూనే ఉండేది.

చట్టం ఈ విషయంలో మాకంటే నయం. 1957 నాటి కాపీరైట్ చట్టంలోకి 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే చోట నటుడు, గాయకుడు, వాద్యకారుడితో పాటు గారడీవాణ్నీ పాములాడించేవాణ్నీ కూడా చేర్చారు. డప్పు కొట్టే మనిషి అందులో లేడని ఎవరూ అనలేరు. ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. 2012 సవరణ ఇంకో అడుగు వేసి, ఇది ఫలానావాడి ప్రదర్శన అని పేరు చెప్పించుకునే హక్కునూ, వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీనీ చేర్చింది. నాకు ఇవి నాలుగు నెలల కిందటి దాకా తెలియవు. తెలుసుకోవాలని చూడనూ లేదు.

పేరుదేముంది అనే మిత్రులకు రెండు సంగతులు చెబుతుంటాను. 1969లో అమెరికాలో ‘ది విన్‌స్టన్స్’ అనే బృందం ‘ఆమెన్, బ్రదర్’ అని ఒక రికార్డు వేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్మరు పది సెకన్లు కూడా లేని చోట ఒంటరిగా వాయించాడు. ఆ ముక్కను కోసి వేల పాటల్లో అతికించారు. ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ సంగీతాలు దాని మీదే లేచాయి. కోల్‌మన్‌కు దాని మీద రాయల్టీ పైసా రాలేదు, 2006లో పేదరికంలోనే పోయాడు. రెండోది మన దేశపు సంగతే. సినిమా పాటలకు గిటార్ వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో ముంబైలో రోలాండ్ యంత్రాల మీద పది రాగాలను డిస్కో తాళానికి వాయించి రికార్డు తెచ్చాడు. ఎవరూ పెద్దగా కొనలేదు. 2010లో అది విదేశంలో మళ్లీ విడుదలైంది. షికాగో వాళ్లు 1987లో కనిపెట్టారనుకున్న ధ్వని ఇందులో ఐదేళ్ల ముందే ఉందే అని జనం ముక్కున వేలేసుకున్నారు. అట్ట మీద పేరుంది కాబట్టి మనిషిని వెతుక్కుంటూ వచ్చారు. డెబ్బై దాటాక ఆయన యూరప్ వేదికలెక్కాడు.

నాతో పనిచేసే కుర్రాళ్ల వాదన వేరు. ‘కాక మాత్రం పుట్టుకతో నేర్చుకున్నాడా? వాళ్ల నాన్న దగ్గర చూసి నేర్చాడు. అందరి వాటాలూ పంచుకుంటూ పోతే పాటకు మిగిలేదేంటి?’ అంటారు. నిజమే, దారం లాగితే ఎక్కడిదాకా పోతుందో తెలియదు. కానీ నేను మైకు పెట్టింది కాక ముందు, వాళ్ల ముత్తాత ముందు కాదు. ఫైలు మీద తేదీ ఉంది. ఒక జానపద పాటకు మ్యూజిక్ చేస్తే నాకు నాలుగు వేలిస్తారు. అందులో దెబ్బ కొట్టిన మనిషికి ఐదు వందలు పోతే మునిగిపోను.

అందుకే తోటివాళ్లను ఒకటే అడుగుతున్నాను. రికార్డు చేసిన రోజే పాటకు ఇంత అని కాగితం మీద రాసుకోండి. పాట కింద వివరణలో మీ పేరు, గాయని పేరు, రాసినవారి పేరు వేస్తారుగా, ఆ వరుసలోనే డప్పు అని రాసి మనిషి పేరు వేయండి. ‘ట్రెడిషనల్ బీట్స్’ అని రాసి తప్పించుకోకండి. చాలాకాలం నేను రాసింది అదే.

పోయిన నెల కాక దగ్గరికి వెళ్లాను. ఆయన డప్పు 37 పాటల్లో వాడానని చెప్పాను. పొంగిపోతాడనో తిడతాడనో అనుకున్నాను. రెండూ జరగలేదు. ‘ఐదొందలు ఒక్క పాటకనే ఇస్తివి గద?’ అని మనవరాలిని పిలిచి ఫోన్లో లెక్క కొట్టించాడు. పద్దెనిమిది వేల ఐదు వందలు. ‘అండ్ల ఐదొందలు ముట్టినయ్, తీసెయ్’ అన్నాడు. పేరు కూడా వేస్తాను కాకా అంటే, ‘ఇంటిపేరు సుత వెయ్యి, ఊళ్లె ఆ పేరుతోటి నలుగురున్నరు’ అన్నాడు.

ఆరు వేలు అక్కడే మనవరాలి నంబరుకు కొట్టాను. మిగతా పన్నెండు వేలు దసరాకిస్తానన్నాను.

‘ఏ దసరా?’ అన్నాడు కాక.